చిల్లర నేరం, చెరగని చిట్టా: గుంటూరు సీమలో నేరచరిత్ర నమోదు

పోలీసుస్టేషన్ నుంచి తెలుగువారి నిత్యవ్యవహారంలోకి వచ్చి స్థిరపడిన మాటల్లో 'పెట్టీ కేసు', 'కేడీ' అన్నవి రెండు. వీధిలో చెత్త పోసినందుకు, తాగి అల్లరి చేసినందుకు, బండిని దారికి అడ్డంగా నిలిపినందుకు జరిమానాతో ముగిసే వ్యవహారం పెట్టీ కేసు. 'కేడీ' అలా ముగిసేది కాదు. మద్రాసు పోలీసు పరిభాషలో 'నోన్ డెప్రిడేటర్' అనే మాటకు పొడి అక్షరాలుగా పుట్టి, 'తెలిసిన దొంగ' అనే అర్థంతో స్టేషను రికార్డుల్లో నిలిచి, చివరకు జనవ్యవహారంలో తిట్టుగా మారిన పదమది. మొదటి మాట పనికి పేరు, రెండోది మనిషికి పేరు. చిల్లర పని ఎవరి విషయంలో పనిగానే మిగిలిపోయింది, ఎవరి విషయంలో మనిషికే పేరుగా మారింది అన్న ప్రశ్నకు గుంటూరు, ప్రకాశం మండలాల చరిత్రలో స్పష్టమైన సమాధానం దొరుకుతుంది. బాపట్లకూ చీరాలకూ మధ్యనున్న స్టూవర్టుపురం ఆ చరిత్రకు కేంద్రం.

బొండకొయ్య, బందెలదొడ్డి

చిల్లర నేరాల విచారణ ఈ ప్రాంతంలో చాలాకాలం గ్రామ మునసబు చేతిలో ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1816లో చేసిన పదకొండో రెగ్యులేషన్ తిట్లు, చిన్నపాటి కొట్లాటల వంటి స్వల్ప విషయాల్లో గ్రామాధికారికి శిక్షాధికారాన్ని ఇచ్చింది. తప్పు చేసినవారిని పన్నెండు గంటలకు మించకుండా ఊరి చావడిలో నిర్బంధించవచ్చు. వారు 'తక్కువ కులాల' వారైతే ఆరు గంటలకు మించకుండా బొండలో వేయవచ్చు. రెగ్యులేషన్ పాఠంలోనే ఈ తేడా ఉంది. ఒకే తిట్టుకు ఒకరికి చావడి అరుగు, మరొకరికి కాళ్లు బిగించే కొయ్య. కులాన్ని బట్టి శిక్ష మారడం గ్రామాచారంగా సాగిన సంగతి అందరికీ తెలిసినదే అయినా, కంపెనీ ప్రభుత్వం దాన్ని లిఖితశాసనంగా మార్చిన తీరుపై సాహిత్య చరిత్రకారుల దృష్టి అంతగా పడలేదు. అయితే ఆ శిక్ష ఎంత అవమానకరమైనా గంటల్లో ముగిసేది.

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో రైతు దినచర్య మీద చట్టాల వల దట్టంగా పరుచుకుంది. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం బందెలదొడ్డిని చట్టబద్ధం చేసింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పల్నాటి అడవిలో మేపును, కట్టెపుల్లను నియంత్రణలోకి తెచ్చింది. 1889లో వెంటవెంటనే వచ్చిన మూడో చట్టం పట్టణాల్లో ఉపద్రవాలకు, నాలుగో చట్టం ఉప్పుకు సంబంధించినవి. ఒకటి వీధిలో పశువును వదలడం, దారిన పోయేవారికి ఇబ్బంది కలిగించడం వంటివాటిని నేరాలుగా లెక్కించింది. రెండోది ప్రభుత్వానుమతి లేని ఉప్పు తయారీని నేరం చేసింది. పురపాలక చట్టాల్లో చెత్త, మురుగు, నీటిపన్ను వంటి అంశాలు చేరాయి. తాతల కాలంలో తప్పుగా కూడా ఎవరూ భావించని పనులు మనుమల కాలానికి నేరాలయ్యాయి.

ఈ నేరాలన్నీ కాగితం మీద ఒకే తూకంవి. జరిమానా కడితే చాలావరకు తీరిపోయేవి. పత్తిచేలో ఎద్దు పడిన కమతందారు బందెలదొడ్డి రుసుము చెల్లించి ఎద్దును తోలుకుపోయేవాడు. అతని పేరు ఆ పూట లెక్కలో చేరేది, అంతటితో సరి. మనిషిని జీవితాంతం వెంటాడే చిట్టా పుట్టడానికి మరో చట్టం అవసరమైంది.

ఉప్పు ఎరుకల

ఎరుకలవారిలో శాఖలు వృత్తుల పేర్లతో ఏర్పడ్డాయి. వెదురుబద్దలతో బుట్టలల్లేవారు దబ్బ ఎరుకల. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని తిరిగి అమ్మేవారు ఉప్పు ఎరుకల. చినగంజాం వంటి తీరప్రాంతపు ఉప్పుకొటార్లకూ మెట్ట గ్రామాలకూ మధ్య ఇటువంటి సంచార వ్యాపారులే వారధి. రైలుమార్గాలు, ఉప్పుపై ప్రభుత్వ నియంత్రణ కలిసి ఈ వర్తకాన్ని దెబ్బతీశాయని మీనా రాధాకృష్ణ తన 'డిజానర్డ్ బై హిస్టరీ' గ్రంథంలో (2001) వివరించారు. జీవనాధారం పోయిన సంచారులు ప్రభుత్వం దృష్టిలో 'కనిపించే ఆధారం లేని' మనుషులయ్యారు. ఆధారాన్ని తీసివేసిన చట్టాలూ, ఆధారం లేనందుకు అనుమానించిన చట్టాలూ ఒకే సచివాలయం నుంచి వెలువడ్డాయి.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం మొదట ఉత్తరాదికే పరిమితం. మద్రాసు రాజధానికి అది 1911 నాటి మూడో చట్టంతోనే వచ్చింది. దాని నిర్మాణం గమనింపదగినది. ముందుగా ఒక సమూహాన్ని నేరస్థ జాతిగా ప్రకటిస్తారు. తరువాత ఆ సమూహంలోని వ్యక్తుల పేర్లు రిజిస్టరుకు ఎక్కుతాయి. పేరు ఎక్కినవారి వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకోవచ్చు. వారు నిర్ణీత వేళల్లో హాజరు చెప్పుకోవాలనీ, నివాసం మారినా, ఊరు విడిచినా తెలియజేయాలనీ ప్రభుత్వం ఆదేశించవచ్చు. గ్రామాధికారులు, కావలివారు, భూస్వాములు కూడా వారి రాకపోకలను గురించి సమాచారం ఇవ్వవలసిందే. హాజరుకు రాకపోవడం నేరం. అదే తప్పు మళ్లీ జరిగితే శిక్ష పెరుగుతుంది. చట్టపు అనుబంధంలో పేర్కొన్న నేరాలకు ఇదివరకే శిక్షపడిన వ్యక్తి రెండోసారి దొరికితే ఏడేళ్లకు తగ్గని జైలు, మూడోసారి దొరికితే యావజ్జీవ ద్వీపాంతరం.

ఈ చట్టాన్ని 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టంతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. శిక్షపడిన సామాన్య పౌరుడి కొలతలూ వేలిముద్రలూ తీసుకోవాలంటే అతను చేసిన నేరం సాధారణంగా ఒక సంవత్సరం గానీ అంతకు మించి గానీ కఠిన కారాగార శిక్ష విధించదగినదై ఉండాలి. అంటే చిల్లర నేరానికి చరిత్ర ఉండకూడదని ఆ చట్టం ఒక గీత గీసింది. ఆ గీత రిజిస్టరులోని ఎరుకలవారికి వర్తించలేదు. వారి వేలిముద్రకు శిక్ష సంగతి అటుంచి, నేరమే అక్కరలేదు.

ఈ ప్రాంతపు వ్యవసాయ కాలచక్రాన్ని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. పత్తితీత, మిరపకోత, పొగాకు పనులు ఒకే ఊళ్లో ఒకేసారి వచ్చేవి కావు. కూలివారు పంటను వెన్నంటి నడిచే సీమ ఇది. రెడ్లపాలెంలో పని ముగిస్తే పక్క ఊరికి, అక్కడి నుంచి మరో ఊరికి నడవకపోతే పూట గడవదు. భూమిలేని మనిషికి నడకే బతుకుతెరువైన చోట, చెప్పకుండా నడవడాన్ని నేరం చేసిన చట్టం ఎవరి చిట్టాను నింపుతుందో చెప్పనక్కరలేదు. దొంగతనం చేయకుండానే శిక్షపడేందుకు మార్గం ఏర్పడింది. ఆ శిక్ష చిట్టాకు ఎక్కాక, తరువాతి అనుమానానికి అదే సాక్ష్యమైంది.

స్టూవర్టు పేరు

1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో బాపట్ల సమీపాన ఎరుకలవారి సెటిల్‌మెంటు ఏర్పడింది. కృష్ణ ఒడ్డున సీతానగరంలో, నెల్లూరు మండలంలోని కావలిలో, కర్నూలు మండలంలోని సిద్ధాపురంలో కూడా ఇటువంటి సెటిల్‌మెంట్లు ఉండేవి. కావలిలోనిది అమెరికన్ బాప్టిస్టు మిషనరీల నిర్వహణలో సాగింది. బాపట్ల దగ్గరి సెటిల్‌మెంటుకు మద్రాసు కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు.

ఈ పేరు వెనుక ఉన్న ఉద్యోగచరిత్ర ఈ వ్యాసవిషయానికి ఆయువుపట్టు. 1891 మద్రాసు జనగణనను నిర్వహించి నివేదిక రాసిన అధికారి ఆయనే. తరువాత 1902–03 పోలీసు కమిషన్‌కు కార్యదర్శి, మద్రాసు పోలీసు శాఖాధిపతి, భారత ప్రభుత్వ హోం శాఖ కార్యదర్శి. కులాల వారీగా మనుషులను లెక్కించిన చేయే పోలీసు రికార్డును కూడా తీర్చింది. ఒక వ్యక్తిలో ఈ రెండు పనులు కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. కులపట్టిక, నేరపట్టిక ఒకదానిలోకి ఒకటి ప్రవహించడం మాత్రం ఆ కాలపు పాలనాపద్ధతి.

సాల్వేషన్ ఆర్మీ భారతదేశ నాయకుడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్ మాజీ ఐ.సి.ఎస్. అధికారి. 'క్రిమినోక్యూరాలజీ' పేరిట ఆయన వెలువరించిన పుస్తకం ఉపశీర్షికలో 'క్రిమ్' అనే పొట్టిపేరు కనిపిస్తుంది. నేరస్థుడనే మాటను ముద్దుపేరులా కుదించడంలో ఆ దృక్పథమంతా ఉంది. నేరం జబ్బు, సెటిల్‌మెంటు ఆసుపత్రి, శ్రమ మందు. స్టూవర్టుపురం వాసుల శ్రమ చీరాలలోని ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీకి ఎలా అందుబాటులోకి వచ్చిందో మీనా రాధాకృష్ణ సవివరంగా చూపించారు. బయటికి పోవాలంటే పాసు కావాలి, లోపల ఉన్నప్పుడు హాజరు కావాలి. ఆ రెండింటికీ నడుమ పొగాకు గోదాము. సంస్కరణ అనే మాట ఇక్కడ చేసిన పనిని దాని ఉద్దేశంతో మాత్రమే కొలవడం పరిశోధకులకు తగదు.

ఒకే రైలుమార్గం, రెండు చరిత్రలు

స్టూవర్టుపురానికి సమీపంలోనే చీరాల. సరిగ్గా ఈ కాలంలోనే చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్నుల భారం ఎన్నో రెట్లు పెరిగింది. పన్ను కట్టమన్నవారిపై కేసులు నడిచాయి, కొందరు జైలుకు వెళ్లారు. 1921లో గాంధీ సందర్శన తరువాత దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఊరు ఖాళీచేసి, మునిసిపల్ సరిహద్దు అవతల రామనగరం కట్టుకొని దాదాపు పదకొండు నెలలు గుడిసెల్లో గడిపారు. గోపాలకృష్ణయ్య తిరుచిరాపల్లి జైలుకు వెళ్లాడు. అదే ఊపులో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్ను నిరాకరణ సాగింది. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. లెక్క రాసే చేయే కలం కింద పెట్టేసిన అరుదైన సందర్భం అది. పల్నాడులో పుల్లరి నిరాకరణకు నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యాడు.

పన్ను బకాయి, పుల్లరి ఎగవేత చట్టం దృష్టిలో చిల్లర నేరాలే. అవి చేసినవారి త్యాగం చిన్నదని కాదు. హనుమంతు ప్రాణమే ఇచ్చాడు. అయితే రామనగరానికి వెళ్లిన చీరాల ప్రజలు చేసిన పనినీ, పాసు లేకుండా స్టూవర్టుపురం హద్దు దాటిన మనిషి చేసిన పనినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి. రెండూ అధికారి గీసిన హద్దును దాటడమే. మొదటివారి పేర్లు స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో, బుర్రకథల్లో, పాఠ్యపుస్తకాల్లో చేరాయి. జైలుశిక్ష వారికి ఉత్తరోత్తరా తామ్రపత్రానికి అర్హత అయింది. రెండోవారి జైలుశిక్ష హిస్టరీ షీటులోనే ఉండిపోయింది. వారి నోట వెలువడిన మాట మన సాహిత్యచరిత్రకు ఎక్కలేదు. ఆంధ్రోద్యమ సాహిత్యంపై వచ్చిన పరిశోధనలు చీరాల దాకా వచ్చి, తరువాతి స్టేషనులో దిగకుండానే వెనుదిరిగాయి.

ఎరుక చెప్పినవారు, ఎరుకలోకి వచ్చినవారు

'ఎరుక' అంటే తెలివిడి. ఎదుటివారి భూతభవిష్యత్తులు తెలిసి చెప్పే విద్య కనుకనే సోదికి ఆ పేరు. శ్రీనివాస కల్యాణ కథలో సాక్షాత్తు స్వామి ఎరుకలసాని వేషం వేసుకొని ఆకాశరాజు ఇంటికి వెళతాడు. యక్షగానాల్లో ఎరుకత పాత్ర లేని కథ తక్కువ. నాయిక మనసులోని మాటను పట్టి చెప్పగలిగేది ఆమె ఒక్కతే. కురవంజి నుంచి యక్షగానం పుట్టిందన్న సిద్ధాంతంలోని మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఈ జనం తెలుగు రంగస్థలంపై గద్దె గల పాత్రగా ప్రవేశించారన్నది నిర్వివాదం.

ఫ్రెడరిక్ ముల్లాలీ 1892లో ప్రకటించిన మద్రాసు నేరవర్గాల వివరణలో ఇదే సోది, ఇళ్లలో సొమ్ము ఆనవాళ్లు పసిగట్టే ఉపాయంగా మారుతుంది. రైల్వే పోలీసు అధికారి పాపారావు నాయుడు రైలు దొంగలపై రాసిన పుస్తకం ఆ ధోరణినే కొనసాగించింది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో కొరవలను గురించిన భాగం పోలీసు అధికారుల రచనల మీద గణనీయంగా ఆధారపడింది. ఎరుక చెప్పేవారు ఆ విధంగా 'తెలిసిన' దొంగలయ్యారు. తెలిసినవాడు ఎవడు, తెలియబడినవాడు ఎవడు అన్నది తారుమారైంది.

తెలుగు పరిశోధనకు సంబంధించిన చిక్కు ఇక్కడే ఉంది. ఎరుకలవారి జానపద సాహిత్యం, భాష, ఆచారాలపై రాసేవారు థర్‌స్టన్‌ను మానవశాస్త్ర ఆధారంగా ఉటంకించడం పరిపాటి. ఆ పుటల వెనుక పోలీసు ఠాణా ఉందన్న గుర్తింపు లేకుండా వాటిని స్వీకరిస్తే, 'జాతి లక్షణాలు' అనే శీర్షిక కింద హిస్టరీ షీటే మళ్లీ అచ్చవుతుంది. ఆ పుస్తకాలను వదిలివేయమని దీని అర్థం కాదు. వాటిలో వేరే చోట దొరకని సమాచారమూ ఉంది. ఫిర్యాదిదారు వాఙ్మూలాన్ని ఎలా చదువుతామో అలా చదవాలన్నదే విన్నపం.

సినిమా ఈ పని మరింత తేలికగా చేసింది. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' వచ్చింది. అదే ఏడాది 'స్టూవర్టుపురం దొంగలు' వచ్చింది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. చట్టం రద్దయిన దశాబ్దాల తరువాత కూడా ఊరిపేరు ఒక్కటి చెబితే ప్రేక్షకుడికి కథ సగం అర్థమైపోతుంది. ఇందుకు భిన్నమైన మార్గంలో నడిచినవారు హేమలతా లవణం. పల్నాటి సీమలోని వినుకొండకు చెందిన మహాకవి గుర్రం జాషువా కుమార్తె అయిన ఆమె, లవణంతో కలిసి 1970ల నుంచి స్టూవర్టుపురంలో పనిచేశారు. వారు షీటును కాక మనిషిని పలకరించారు. అంటరానితనాన్ని కావ్యవస్తువు చేసిన కవి ఇంటి నుంచి ఆ పలకరింపు రావడం తెలుగు సాహిత్యచరిత్ర నమోదు చేసుకోవలసిన సంగతి.

రద్దు తరువాత

మద్రాసు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టాన్ని 1947లో రద్దు చేసింది. మరుసటి సంవత్సరమే అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం తెచ్చింది. అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ పరిశీలన తరువాత 1952లో దేశవ్యాప్తంగా రద్దు జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. చట్టం భాషలో జాతి పోయి వ్యక్తి వచ్చాడు. ఇది మామూలు మార్పు కాదు. అయినా స్టేషనులోని షీటు చట్టం కన్నా పాతది, చట్టం కన్నా మొండిది. హిస్టరీ షీటు, సస్పెక్ట్ షీటు, రౌడీ షీటు ప్రధానంగా పోలీసు నియమావళి బలం మీద నడిచాయి. కోర్టు తీర్పుతో నిమిత్తం లేకుండా తెరుచుకోగలిగిన పుస్తకాలవి. నిఘా పేరిట రాత్రిపూట ఇళ్లకు వెళ్లడం చెల్లదని ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962 డిసెంబరులో తీర్పు చెప్పింది కాని, షీటు ఉనికి మాత్రం నిలిచింది.

2024 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ఢిల్లీ కేసులో ఈ విషయాన్ని మళ్లీ స్పృశించింది. వెనుకబడిన వర్గాల, షెడ్యూల్డు కులాల, తెగల నిరపరాధుల పేర్లు పుట్టుక కారణంగా యాంత్రికంగా హిస్టరీ షీట్లకు ఎక్కకుండా చూడాలని రాష్ట్రాలకు సూచించింది. అదే ఏడాది అక్టోబరులో జైళ్లలో కులవివక్షపై ఇచ్చిన తీర్పులో విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూసే నిబంధనలను తప్పుపట్టింది. 1947లో పోయిందనుకున్నది 2024లో కూడా కోర్టు నోట వినవలసి రావడం ఈ చిట్టా ఆయుర్దాయానికి తార్కాణం.

ఈ మధ్యలో చిల్లర నేరం కథ మరో మలుపు తిరిగింది. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత తాగి బహిరంగ ప్రదేశంలో అసభ్యంగా ప్రవర్తించడం వంటి చిన్న నేరాలకు సమాజసేవను ఒక శిక్షగా చేర్చింది. శిక్ష ఆ విధంగా తేలికపడింది. నమోదు మాత్రం బరువెక్కింది. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో 2022లో వచ్చిన నేరవిచారణ గుర్తింపు చట్టం పాత గీతను చెరిపివేసింది. ఏడాది కఠినశిక్ష అన్న హద్దు లేదు. ఏ చట్టం కిందనైనా శిక్షపడిన వ్యక్తి కొలతలు, వేలిముద్రలు కోరితే ఇవ్వవలసిందే. జీవనమూనాల విషయంలో కొన్ని మినహాయింపులున్నాయి. వేలిముద్రల విషయంలో అవి లేవు. కాగితం మీద ఈ నియమం వీధిలో చెత్త పోసి శిక్షపడిన గుంటూరు పౌరుడికి కూడా వర్తిస్తుంది. 1911లో నేరస్థ జాతులుగా ప్రకటించినవారి కోసం రాసిన నిబంధన ఇప్పుడు అందరి గడప దగ్గరికీ వచ్చింది.

ఆ కొలతలను జాతీయ నేర రికార్డుల సంస్థ డిజిటల్ రూపంలో డెబ్బై ఐదేళ్లు భద్రపరచాలని చట్టం చెబుతుంది. మద్రాసు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టాన్ని రద్దు చేసిన సంవత్సరం నుంచి ఈ చట్టం వచ్చిన సంవత్సరం దాకా లెక్కిస్తే కూడా వచ్చేది డెబ్బై ఐదే.